బండికి రవ్వ ఎక్కడ ఆగింది?

పాత అంబాసిడర్ కారు అందరూ చూసిందే. ముందు రెండు గుండ్రటి దీపాలు. పైకి ఉబ్బిన బానెట్. పెండ్లికి అదే కారు. దవాఖానకు అదే కారు. ఎన్నికలప్పుడు నాయకులు దిగేది కూడా ఆ కారులోంచే. కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ కంపెనీ ఈ కారును 1957 నుంచి 2014 దాకా తయారు చేసింది. ఇప్పుడు కొత్తవి రావు. ఉన్నవాటినే బాగు చేసుకుంటూ నడపాలి.

ధర్పల్లి వంటి ఊరి నుంచి రాత్రి పూట నిజామాబాదు దవాఖానకు పోవాలంటే ఒకప్పుడు కిరాయి కారే దిక్కు. 108 బండి 2005లో వచ్చింది. అంతకు ముందు నొప్పులు పడుతున్న మనిషిని కారులో కూర్చోబెట్టాక కారు కదలకపోతే ఇంటివాళ్ల గతి ఏమిటి? నలుగురు నెట్టేవారు. ఒకరు బ్యాటరీ పోయింది అనేవారు. ఇంకొకరు కాయిల్ పోయింది అనేవారు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గుమ్మంలో నిలబడేవారు. తెల్లారి బిల్లు వచ్చేది. బీడీల మీద వచ్చిన పైసలు ఆ బిల్లుకే పోయేవి. అసలు చెడిపోయింది ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు.

పెట్రోలు కారు కదలకపోవడానికి చాలా కారణాలుంటాయి. వాటిలో ఒకటి రవ్వ రాకపోవడం. డ్రైవర్లు "స్పార్కు వస్తలేదు" అంటారు. రవ్వ ఎక్కడ పుడుతుంది, ఏ దారిన నడుస్తుంది, ఎక్కడ ఆగింది అని కనిపెట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఓపిక కావాలి. ఒక వరుస కావాలి.

ఇంజనులో పొయ్యి

కట్టెల పొయ్యి మండాలంటే ఏం కావాలి? కట్టె కావాలి. గాలి కావాలి. అగ్గిపుల్ల కావాలి. ఇంజను కూడా అంతే. దానికి కట్టె పెట్రోలు. గాలి బయటి నుంచి వస్తుంది. అగ్గిపుల్ల పని రవ్వ చేస్తుంది.

అంబాసిడర్ పెట్రోలు ఇంజనులో నాలుగు గదులుంటాయి. వీటిని సిలిండర్లు అంటారు. ఒక్కో గదికి ఒక్కో ప్లగ్గు. గాలి, పెట్రోలు ఆవిరి గదిలోకి వస్తాయి. గది అడుగున ఉన్న పిస్టను పైకి లేచి వాటిని గట్టిగా అదుముతుంది. సరిగ్గా అప్పుడు ప్లగ్గు కొన దగ్గర రవ్వ ఎగరాలి. రవ్వ ఎగిరితే ఆవిరి భగ్గుమంటుంది. ఆ ఊపుకు పిస్టను కిందికి పోతుంది. బండి నడుస్తుంది.

గ్యాస్ పొయ్యి లైటరు నొక్కినప్పుడు టక్కుమని నీలం రవ్వ వస్తుంది కదా? ప్లగ్గు రవ్వ కూడా చూడడానికి అలాగే ఉంటుంది. కాకపోతే లైటరును మనం ఒకసారి నొక్కుతాం. ఇంజను నిమిషానికి 1500 సార్లు తిరిగితే నాలుగు ప్లగ్గులకూ కలిపి నిమిషానికి 3000 రవ్వలు కావాలి. అంటే సెకనుకు 50. ఒక్కటి కూడా ముందు వెనుక కావద్దు.

రవ్వ నడిచే దారి

బ్యాటరీలో 12 వోల్టుల కరెంటు ఉంటుంది. ఆ కరెంటుతో దీపాలు వెలుగుతాయి, హారను మోగుతుంది. కానీ ప్లగ్గు కొన దగ్గర సందు ఉంటుంది. ఆ సందును దూకాలంటే 12 వోల్టుల బలం చాలదు. వేల వోల్టులు కావాలి. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది?

కాయిల్ నుంచి వస్తుంది. ఇది ఇంజను పక్కన ఉండే చిన్న డబ్బా. చెంబు కంటె చిన్నది. లోపల రెండు తీగల చుట్లుంటాయి. లావు తీగ కొన్ని వందల చుట్లు. వెంట్రుక వంటి సన్న తీగ వేల చుట్లు. బ్యాటరీ కరెంటు లావు తీగలో పారుతుంది. పారుతున్న కరెంటును టక్కున ఆపితే సన్న తీగలో వేల వోల్టుల కరెంటు పుడుతుంది.

ఆపితే పుట్టడం ఏమిటి అనిపిస్తుంది. బావి మోటరు నడుస్తున్నప్పుడు పైపు మూతి టక్కున మూసి చూసినవాళ్లకు ఇది తెలుసు. పైపు దడ్డుమని అదురుతుంది. పారే నీళ్లకు ఒక ఊపు ఉంటుంది. దారి మూస్తే ఆ ఊపంతా ఒక్కసారి పైపును తంతుంది. కాయిల్‌లో జరిగేది కొంచెం అటువంటిదే.

మరి కరెంటును ఇన్నిసార్లు ఎవరు ఆపుతారు? పాయింట్లు ఆపుతాయి. పాయింట్లు అంటే రెండు చిన్న లోహపు బొడిపెలు. ఇంజను తిరిగే కొద్దీ ఇవి విడిపోతుంటాయి, కలుస్తుంటాయి. కలిసినప్పుడు కరెంటు పారుతుంది. విడినప్పుడు ఆగుతుంది. ఆగిన క్షణంలో కాయిల్ రవ్వ కరెంటును పంపుతుంది. పాయింట్ల పక్కన చిటికెన వేలంత కండెన్సరు ఉంటుంది. పాయింట్లు విడినప్పుడు వాటి మధ్యనే రవ్వ ఎగరకుండా ఆ కరెంటును అది తనలోకి తీసుకుంటుంది. కండెన్సరు లేకపోతే పాయింట్లు కాలిపోతాయి. ప్లగ్గుకు పోవలసిన బలం కూడా తగ్గుతుంది.

పాయింట్లు, కండెన్సరు ఉండే డబ్బాను డిస్ట్రిబ్యూటరు అంటారు. పంచిపెట్టేది అని అర్థం. కొందరు మెకానిక్‌లు దీన్ని "డెల్కో" అంటారు. డెల్కో అనేది అమెరికాలో 1909లో పెట్టిన ఒక కంపెనీ పేరు. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో రవ్వ పుట్టించే పద్ధతిని కార్లలో నిలబెట్టిన చార్లెస్ కెటరింగ్ అందులో ముఖ్యుడు. కంపెనీ పేరు మన మెకానిక్ నోట్లో వస్తువు పేరయింది.

డిస్ట్రిబ్యూటరు పైన నల్లటి మూత ఉంటుంది. దాన్ని క్యాప్ అంటారు. కాయిల్ నుంచి ఒక లావు వైరు ఈ క్యాప్ నడిమికి వస్తుంది. లోపల రోటరు అనే చిన్న ముక్క గిర్రున తిరుగుతూ వచ్చిన కరెంటును నాలుగు ప్లగ్గు వైర్లకు పంచుతుంది. వడ్డన చేసే మనిషి బంతిలో ఒక్కో విస్తరి దగ్గర ఆగి వడ్డించినట్టు. అయితే పక్కపక్క విస్తర్లకు కాదు. అంబాసిడర్ ఇంజనులో వరుస 1, 3, 4, 2. మొదటి సిలిండరుకు, తరువాత మూడో దానికి, నాలుగో దానికి, చివర రెండో దానికి.

దారి ఇదీ: బ్యాటరీ, చావి స్విచ్చి, కాయిల్, పాయింట్లు. మళ్లీ కాయిల్ నుంచి లావు వైరు, క్యాప్, రోటరు, ప్లగ్గు వైరు, ప్లగ్గు.

నడిమిట్ల నిలబడి చూడాలి

కాలువ చివరి పొలానికి నీళ్లు రాలేదు. రైతు ఏం చేస్తాడు? మోటరు కొత్తది కొంటాడా? కొనడు. కాలువ వెంట నడుస్తాడు. తెలివైనవాడు మొదటి నుంచీ నడవడు. నేరుగా సగం దూరంలో ఉన్న తూము దగ్గరికి పోతాడు. అక్కడ నీళ్లు ఉంటే గండి కింద ఉంది. లేకపోతే పైన ఉంది. ఒక్క చూపుతో సగం కాలువ వెతికే పని తప్పింది. రామడుగు ప్రాజెక్టు కాలువ కింద పొలం చేసేవాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పనక్కరలేదు.

రవ్వను వెతకడం కూడా ఇలాగే. నడిమి తూము ఏది? కాయిల్ నుంచి క్యాప్‌కు వచ్చే లావు వైరు. కానీ అక్కడికి పోయే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి.

ఒక ఇల్లు ఉందనుకుందాం. ఇంటాయన పాత అంబాసిడర్ కిరాయికి తిప్పుతాడు. లెక్క రాసేది ఇంటామె. అత్తమ్మకు నిజామాబాదులో కంటి ఆపరేషన్ ఉంది. ఈ తారీఖు తప్పితే మళ్లీ ఎప్పుడో. రాత్రి వాన పడింది. పొద్దున కారు కదలలేదు. పక్కింటి పిల్లవాడు వచ్చి చూశాడు.

"వదినా, బ్యాటరీ పోయింది. కొత్తది తేవాలె" అన్నాడు.

"హారను గట్టిగనే మోగుతుంది గద తమ్మీ. సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరుగుతుంది. బ్యాటరీ పోతే అట్ల తిరుగుతదా?" అన్నది ఆమె.

పిల్లవాడు తల గోక్కున్నాడు.

ఆమె అడిగింది సరైన ప్రశ్న. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను హుషారుగా తిరిగితే బ్యాటరీలో బలం ఉన్నట్టే. ఉత్త "టక్" శబ్దం వచ్చి ఆగిపోతే, హెడ్‌లైట్లు మసకబారితే అప్పుడు బ్యాటరీని అనుమానించాలి. అప్పుడు కూడా ముందు బ్యాటరీ మీది రెండు టెర్మినళ్లను చూడాలి. వాటికి తెల్లగానో పచ్చగానో బూజు వంటిది పట్టి ఉంటుంది. దాన్ని వేడినీళ్లతో కడిగి, తుడిచి, గట్టిగా బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది. ఎంతోమంది ఆ బూజుకే కొత్త బ్యాటరీ ధర పెట్టారు.

రెండో సంగతి పెట్రోలు. ట్యాంకులో ఉందా? ముల్లు మీద నమ్మకం వద్దు, పాత బండ్లలో అది అబద్ధం చెబుతుంది. ప్లగ్గు విప్పి చూస్తే తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే, పెట్రోలు ఇంజను దాకా వస్తున్నట్టే. పెట్రోలు వచ్చింది, ఇంజను తిరుగుతుంది, అయినా అంటుకోలేదు. అప్పుడు రవ్వ కోసం చూడాలి.

చేయి పెట్టే ముందు

బండి న్యూట్రల్‌లో ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేయాలి. కొంగు నడుముకు చెక్కుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. ఇంజను ముందున్న ఫ్యాను కొంగును లాగితే మనిషిని లాగినట్టే. బ్యాటరీ దగ్గర చేయి పెట్టేటప్పుడు లోహపు గాజులు తీసి పెట్టాలి. గాజు రెండు టెర్మినళ్లకు ఒకేసారి తగిలితే ఎర్రగా కాలి చేతికి అంటుకుంటుంది.

చుట్టుపక్కల పెట్రోలు కారి ఉండవద్దు. కారి ఉంటే తుడిచి, అది ఆరి, వాసన పోయేదాకా ఆగాలి. అక్కడ ఎవరూ బీడీ కాల్చవద్దు. లావు వైర్లను ఒట్టి చేత్తో పట్టవద్దు. ఆ దెబ్బకు చేయి ఎగిరి ఎక్కడో తగులుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి.

ఇంకొక మాట. కారులో రోగి ఉంటే ఈ పరీక్షలు ఏవీ వద్దు. 108కు ఫోను చేసి, ఇంకొక బండి చూసుకోవాలి. ఇవి తీరికగా ఉన్నప్పుడు చేసేవి.

మొదటి చూపు ప్లగ్గు దగ్గర

ప్లగ్గు వైర్లు పీకే ముందు వాటికి గుర్తు పెట్టాలి. చిన్న చిన్న ప్లాస్టరు ముక్కల మీద 1, 2, 3, 4 అని రాసి అంటించాలి. రేడియేటరు వైపున్నది 1. ఈ పని చేయక వైర్లు తారుమారు చేసి, లేని జబ్బు తెచ్చుకున్న బండ్లు ఎన్నో.

ఒక ప్లగ్గును పానాతో విప్పాలి. దాని వైరు మళ్లీ దానికే తగిలించాలి. ప్లగ్గు లోహపు ఒంటిని ఇంజను లోహానికి ఆనించి పెట్టాలి. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా పెట్టాలి, ఎందుకంటే అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. చేత్తో పట్టుకోవద్దు. అక్కడే కదలకుండా నిలిపి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. పాత అంబాసిడర్లకు ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పే వీలు కూడా ఉండేది.

ప్లగ్గు కొన దగ్గర టక్ టక్ మని నీలం రవ్వ వస్తుందా? వస్తే ఆ ప్లగ్గుకు రవ్వ దారి బాగానే ఉంది. మిగతా మూడు కూడా చూడాలి. పచ్చగా, సన్నగా, ఉండీ లేనట్టు వస్తే బలం చాలదు. అసలే రాకపోతే ఇంకొక ప్లగ్గు పెట్టి చూడాలి. ఒక్కోసారి ప్లగ్గు కొనకు మసి పట్టి ఉంటుంది. దాన్ని తుడిచి, సందు సరిచేస్తే సరిపోతుంది.

ఏ ప్లగ్గుకూ రవ్వ రాలేదా? అయితే నడిమి తూము దగ్గరికి పోదాం.

నడిమి తూము

క్యాప్ నడిమి నుంచి కాయిల్ వైరును పీకాలి. ఎండిన కర్రకు కట్టి దాని లోహపు కొనను ఇంజను లోహానికి దగ్గరగా పెట్టాలి. ఎంత దగ్గర? బియ్యపు గింజ పొడవంత. మరీ దూరం పెట్టవద్దు. దారి దొరకని కరెంటు కాయిల్ లోపలనే దారి చేసుకుంటుంది, కాయిల్ చెడుతుంది. ఇప్పుడు సెల్ఫ్ కొట్టించాలి.

ఇక్కడ రవ్వ ఎగిరిందా? అయితే బ్యాటరీ, స్విచ్చి, కాయిల్, పాయింట్లు, కండెన్సరు అన్నీ పని చేస్తున్నట్టే. వాటి మీద ఒక్క రూపాయి పెట్టనక్కరలేదు. తప్పు క్యాప్‌లోనో, రోటరులోనో, ప్లగ్గు వైర్లలోనో ఉంది.

ఇక్కడ కూడా రవ్వ లేదా? అయితే క్యాప్, రోటరు, వైర్ల జోలికి పోవద్దు. తప్పు వెనుక ఉంది.

ఈ ఒక్క పరీక్ష తెలిసిన ఇంటికి "అన్నీ మార్చాలె" అనే మాట చెప్పడం కష్టం.

వాన పడ్డ పొద్దున

కంటి ఆపరేషన్‌కు పోవలసిన ఇంట్లో ఏమయింది? నడిమి వైరు దగ్గర నీలం రవ్వ టక్కుమని ఎగిరింది. ఇంటాయన క్యాప్‌కు ఉన్న రెండు క్లిప్పులు విప్పి మూత తీశాడు. లోపల చెమట పట్టినట్టు సన్నటి నీటి చుక్కలు. అన్నం గిన్నె మూత లోపల ఉంటాయే, అటువంటివి. పాత నూలు బట్టతో లోపలా బయటా తుడిచాడు. ఎండలో కాసేపు పెట్టాడు. రోటరును తుడిచాడు. మళ్లీ బిగించి సెల్ఫ్ కొడితే కారు మొదలయింది. ఖర్చు ఒక్క పైసా లేదు.

వానకాలం పాత బండ్లు ఆగిపోవడానికి ఎక్కువ సార్లు కారణం ఈ తడే. వేల వోల్టుల కరెంటు తడి మీద నుంచి పక్కదారి పట్టి పోతుంది. ప్లగ్గు దాకా రాదు. కారు కడిగేటప్పుడు ఇంజను మీద బకెట్లతో నీళ్లు గుమ్మరించే అలవాటు కొందరికి ఉంది. మరునాడు కారు మొదలు కాదు. ఎవరో దిష్టి పెట్టారనుకుంటారు.

తుడిచాక కూడా రాకపోతే క్యాప్ లోపల వెలుతురులో చూడాలి. పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉందా? అది కరెంటు కాల్చి చేసుకున్న దొంగదారి. తుడిస్తే పోదు. ఆ క్యాప్ మార్చాలి. నడిమిట్ల చిన్న నల్లటి కార్బను పుల్ల ఉంటుంది. అది విరిగినా, లోపలికి పోయినా కరెంటు రోటరుకు అందదు. రోటరుకు పగులు ఉందేమో కూడా చూడాలి.

ప్లగ్గు వైర్ల మీది రబ్బరు పాతబడితే పగుళ్లు వస్తాయి. దీన్ని చూడడానికి రాత్రి మంచిది. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజను నడిపితే పగిలిన చోట వైరు మీద నుంచి నీలం మెరుపులు ఇంజనులోకి దూకుతుంటాయి. దూరం నుంచే చూడాలి.

వైరు మీది తొడుగు అరిగిపోయే ఈ జబ్బు కారు ఎంత పాతదో అంత పాతది. దాన్ని దారిలో బాగు చేసిన తొలి మనుషుల్లో ఒకరు ఆడమనిషి. ఆమె పేరు బెర్తా బెంజ్. జర్మనీ దేశం. ఆమె భర్త కార్ల్ బెంజ్ మూడు చక్రాల మోటరు బండి తయారు చేశాడు. కానీ కొనేవారు లేరు. ఇది దూరం పోతుందన్న నమ్మకం ఎవరికీ లేదు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున బెర్తా భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను తీసుకొని ఆ బండిలో బయలుదేరింది. మన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఉన్న ఫోర్జ్‌హైమ్ దాకా నూరు కిలోమీటర్లకు పైగా దారి. సుమారుగా నిజామాబాదు నుంచి కామారెడ్డి పోయి తిరిగి వచ్చినంత. దారిలో పెట్రోలు బంకులు లేవు. మందుల దుకాణంలో ఇంధనం కొన్నది. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పొడుగు సూదితో పొడిచి తెరిచింది. రవ్వ తీగ మీది తొడుగు అరిగి కరెంటు పక్కకు పోతుంటే, మేజోడును కాలికి పట్టి ఉంచే సాగే పట్టీ తీసి తీగకు చుట్టిందని చెబుతారు. బండి మళ్లీ నడిచింది. ఇప్పుడు ఆ పనికి నల్ల టేపు ఉంది. అయినా టేపు ఇల్లు చేరేదాకే. ఇల్లు చేరాక వైరు మార్చుకోవాలి.

రవ్వ నడిమికే రాకపోతే

ఇప్పుడు కష్టమైన సగం. కాయిల్ వైరు దగ్గర కూడా రవ్వ లేదు. దీనికి ఒక చిన్న పరికరం కావాలి. 12 వోల్టుల బుగ్గ ఒకటి, దానికి రెండు వైర్లు. మెకానిక్‌లు దీన్ని టెస్ట్ ల్యాంపు అంటారు. ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక వైరును ఇంజను లోహానికి కట్టాలి. రెండో వైరుతో తాకి చూడాలి.

కాయిల్ నెత్తి మీద లావు వైరుకు అటూ ఇటూ రెండు చిన్న కొనలుంటాయి. కొన్నింటి మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. కొన్నింటి మీద ఎస్.డబ్ల్యు., సి.బి. అనే ఇంగ్లీషు అక్షరాలుంటాయి. గుర్తు కనిపించకపోతే వైరు వెంట చూపు పోనివ్వాలి. ఒకటి స్విచ్చి వైపు నుంచి వస్తుంది. ఇంకొకటి డిస్ట్రిబ్యూటరుకు పోతుంది.

చావి తిప్పి స్విచ్చి వైపు కొనను తాకాలి. బుగ్గ వెలిగిందా? వెలగకపోతే కాయిల్‌కు కరెంటే రావడం లేదు. స్విచ్చి పాడయింది, లేదా దాని వైరు ఊడింది. కాయిల్‌ను తిట్టి లాభం లేదు.

వెలిగితే రెండో కొనను తాకాలి. ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. బుగ్గ మిణుకు మిణుకుమంటే పాయింట్లు విడుతున్నాయి, కలుస్తున్నాయి. అయినా రవ్వ లేకపోతే కండెన్సరును, కాయిల్‌ను, ఆ లావు వైరును అనుమానించాలి.

మిణుకుమనకుండా ఒకటే తీరుగా వెలుగుతూ ఉంటే పాయింట్లు కలవడం లేదు. మసి పట్టి ఉంటాయి, లేదా వాటి మధ్య ఎడం ఎక్కువై ఉంటుంది.

అసలే వెలగకపోతే? డిస్ట్రిబ్యూటరుకు పోయే సన్న వైరును కాయిల్ నుంచి ఊడదీసి, ఆ కొనను మళ్లీ తాకాలి. ఇప్పుడు వెలిగితే కాయిల్ లావు తీగ బాగుంది, డిస్ట్రిబ్యూటరు లోపల కరెంటు లోహానికి తగిలి కారిపోతోంది. ఇప్పుడూ వెలగకపోతే కాయిల్ లోపల తీగ తెగింది. కాయిల్ మార్చాల్సిందే.

లోపల కారిపోవడం ఎక్కువగా ఎప్పుడు జరుగుతుంది? కొత్త పాయింట్లు వేసిన మరునాడు! పాయింట్ల కింద వైరు బిగించే చోట లోహానికి తగలకుండా చిన్న వాషరు ఉంటుంది. బిగించేవాడు తొందరలో దాన్ని మరిచిపోతాడు, లేదా తప్పు వరుసలో పెడతాడు. కొత్త సామాను వేసినాక బండి ఆగితే సామాను మంచిది కాదనుకుంటారు. ముందు ఆ వాషరును చూడాలి. లేకపోతే కండెన్సరు లోపల కాలి ఉంటుంది.

పాయింట్ల మీద మసి ఉంటే సన్న ఎమరీ కాగితంతో మెల్లగా రుద్ది, పొడి బట్టతో తుడవాలి. వేలి జిడ్డు కూడా అంటవద్దు. పూర్తిగా విడినప్పుడు వాటి ఎడం సుమారు 0.38 మిల్లీమీటరు ఉండాలి. దీన్ని ఫీలర్ గేజ్ అనే సన్నటి రేకులతో కొలుస్తారు. కంటి అంచనా సరిపోదు. పాయింట్లు మాటిమాటికి నల్లగా కాలుతుంటే తప్పు పాయింట్లది కాదు, కండెన్సరుది. దాని ధర చాలా తక్కువ. అది మార్చక ప్రతి నెలా పాయింట్లు కొనేవాళ్లుంటారు.

ఎండకు ఆగే బండి

నిజామాబాదు ఎండలు తెలిసినవే. నడిరోడ్డు మీద కారు ఆగుతుంది. అరగంట చెట్టు కింద పెడితే మళ్లీ నడుస్తుంది. దీనికి రెండు కారణాలుండవచ్చు. కాయిల్ వేడెక్కి లోపల తీగ వదులు కావడం ఒకటి. పెట్రోలు గొట్టంలోనే ఆవిరయి పంపు లాగలేకపోవడం ఇంకొకటి. డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేస్తారు, కాయిల్ మీదా వేస్తారు. బండి నడుస్తుంది. ఏది వేస్తే నడిచిందో తెలియదు. ఊరు చేరాక రెండూ మారుస్తారు.

తేల్చుకోవడం సులువే. ఆగిన వెంటనే, చల్లారక ముందే రవ్వ చూడాలి. రవ్వ ఉంటే పెట్రోలు జబ్బు. లేకపోతే కాయిల్ జబ్బు అయి ఉండవచ్చు. చల్లారిన తరువాత రవ్వ వస్తే అనుమానం గట్టిపడుతుంది. చల్లారాక ఎంత వెతికినా తప్పు దొరకదు.

పిల్లలు కారులో ఆడుకుంటూ చావి తిప్పి వదిలేస్తారు. ఇంజను నడవదు, కానీ పాయింట్లు కలిసి ఉంటే కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది. కాయిల్ కాగుతుంది, పాయింట్లు కాలుతాయి. కారు నిలిపాక చావి తీసి ఇంట్లో మేకుకు తగిలించుకోవాలి.

ఏ బండికి ఈ వరుస పనికిరాదు?

అంబాసిడర్లలో డీజిలు బండ్లు కూడా ఉన్నాయి. డీజిలు ఇంజనుకు రవ్వ అక్కరలేదు. గాలిని బాగా అదిమితే పుట్టే వేడికే డీజిలు మండుతుంది. కొన్నింటికి గ్లో ప్లగ్గులుంటాయి. అవి వేడి చేస్తాయి, రవ్వ ఇవ్వవు. కాబట్టి డీజిలు జీపుకు స్పార్కు లేదని ఎవరైనా బిల్లు రాస్తే ఆ కాగితం పక్కన పెట్టి గట్టిగా అడగాలి.

ఫియట్ అని పిలిచే పాత ప్రీమియర్ పద్మినికి ఇదే వరుస సరిపోతుంది. తరువాత వచ్చిన కార్లలో పాయింట్లు లేవు. వాటి పని ఎలక్ట్రానిక్ పెట్టె చేస్తుంది. అటువంటి కార్లలో వైరు పీకి రవ్వ చూడవద్దు. ఆ పెట్టె కాలిపోతుంది, ధర కూడా ఎక్కువ. రవ్వ దెబ్బ కూడా పాత బండి కంటె గట్టిగా ఉంటుంది. దానికి తెలిసిన మెకానిక్ కావాలి.

పాత అంబాసిడర్ ఉన్న ఇంట్లో డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న డబ్బా పెట్టుకుంటే మంచిది. అందులో ఒక కండెన్సరు, ఒక జత పాయింట్లు, ఒక రోటరు, ఒక ప్లగ్గు. పొడి నూలు బట్ట, నల్ల టేపు, ఎమరీ కాగితం, టెస్ట్ ల్యాంపు. మూత లోపల ఒక కాగితం అంటించి దాని మీద 1, 3, 4, 2 అని రాయాలి. దాని కింద, ఏ సామాను ఏ తారీఖున మార్చారో రాస్తూ పోవాలి.